లెక్కలక్కకు అనుమతి లేదు

మా బస్సు డిపో స్టోర్స్‌లో లెక్కలక్కను ఎరగనివాళ్లు లేరు. టైర్లు, బ్రేకు లైనింగులు, బోల్టులు ఏ షెడ్డుకు ఎన్ని వెళ్లాయో నెలాఖరున కలిపి చూపించేది ఆవిడే. ఒక్కో షెడ్డు నుంచి ఒక్కో ఎక్సెల్ ఫైలు వస్తుంది. ఏ రెండూ ఒక్క తీరున ఉండవు. ఉంటే షెడ్డు ఇన్‌ఛార్జిల పరువేం కాను! వాటిని కలిపేసరికి చీకటి పడుతుంది. సరిగ్గా ఆ సాయంత్రమే ఆవిడ కూతురికి స్కూల్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది. ఆ పిల్ల ఆడిన ఆట ఒక్కటీ తల్లి చూడలేదు.

అందుకని అక్క భోజనాల వేళ ఫోన్‌లో వీడియోలు చూస్తూ పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. పక్క సీట్లో ఉన్న నేను మనసారా ఎగతాళి చేశాను. ఆవిడ పట్టించుకోలేదు. ఫైళ్లను చదివి కలిపే లైబ్రరీ ఒకటి ఉందట. అంటే ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. దాన్ని ఇన్‌స్టాల్ చేయబోతే తెర మీద ఎర్రక్షరాలు: అనుమతి లేదు. కొత్త కదా, తనే తప్పు కొట్టాననుకుని అదే లైను మళ్లీ మళ్లీ, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి కొట్టింది. కంప్యూటర్‌కు జాలి కలగలేదు.

అనుమతి ఇవ్వాల్సింది మా కంప్యూటర్ సారు. ఆయనకు ఏసీ గది ఉంది, తిరిగే కుర్చీ ఉంది.

"సార్, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కసారి కొట్టి వెళ్లండి సార్."

"ఏంటమ్మా నువ్వనేది? డిపో భద్రత ఏమైపోవాలి? చూద్దాంలే."

అక్క రోజూ వెళ్లింది, ఆయన రోజూ చూద్దామన్నాడు. మధ్యలో ఒక నెలాఖరు వచ్చి వెళ్లిపోయింది కూడా. మరి మా బోల్టుల లెక్క శత్రువుల చేతిలో పడితే ఇంకేమైనా ఉందా!

మళ్లీ నెలాఖరు మధ్యాహ్నం, వీడియో చూస్తున్న అక్క ఉన్నట్టుండి నా భుజం చరిచింది. ఆ లైను చివర ‘యూజర్’ అనే ముక్క తగిలిస్తే, లైబ్రరీ కంప్యూటర్ మొత్తానికి కాకుండా తన ఖాతా వరకే, తన ఫోల్డర్లోనే చేరుతుందట. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదట. కొట్టింది. ఎర్రక్షరం ఒక్కటీ రాలేదు. ముందే రాసి పెట్టుకున్న ప్రోగ్రాము ఫైళ్లన్నీ మింగి, టీ చల్లారేలోపు లెక్క కక్కింది. నమ్మకం లేక రెండు షెడ్లవి నేను చేత్తో కూడి చూశాను. సరిపోయాయి. నాకు కొంచెం మంటగానే ఉండింది.

వార్త ఏసీ గదికి చేరగానే సారు పరుగున వచ్చాడు.

"ఎవరిచ్చారమ్మా నీకు పాస్‌వర్డ్?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. నా వరకే వేసుకున్నా. దానికి పాస్‌వర్డే అక్కర్లేదు."

సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అదెలాగో నాకూ కాస్త చూపిస్తావా? ఆ పాస్‌వర్డ్ పాత సారుతోనే పోయిందమ్మా. రిటైరయ్యేటప్పుడు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు."

నాకు నవ్వాగలేదు. అక్క నవ్వలేదు, ముఖం కందిపోయింది.

"ఆ మాట మొదటి రోజే చెప్పుంటే వేరే దారి వెతుక్కునేదాన్ని కదా సార్. పోయిన నెల మా అమ్మాయి మొదటిసారి కెప్టెన్‌గా ఆడింది" అని బ్యాగు అందుకుంది.

డిపోలో పనిచేసేవాళ్లకు వేళకు బస్సు దొరకదు కాబట్టి నా స్కూటర్ మీద తీసుకెళ్లాను. ఆట సగంలో ఉంది. బంతి బుట్టలో పడగానే వేసిన ప్రతి పిల్లా జనం కూర్చున్న బెంచీల వైపు తిరిగి తనవాళ్లకు చెయ్యూపుతోంది. అక్క కూతురు మాత్రం బుట్ట వేసి, ఎటూ చూడకుండా చెమట తుడుచుకుని వెనక్కి పరిగెత్తింది. అటు చూసే అలవాటే లేదు ఆ పిల్లకి.

"చిన్నీ!" అక్క బెంచీ ఎక్కి అరిచింది.

పిల్ల ఆగిపోయింది. బంతి ఆమె పక్కనుంచే దూసుకుపోయి, ఎదుటి జట్టు చేతిలో పడి, బుట్టలోకి వెళ్లింది. కోచ్ తిట్టిన తిట్లు ఆ పిల్లకు వినపడినట్టు లేదు.