ఎర్రదారం, నీలిదారం

మా బిడ్డ చిన్నప్పుడు... దసరా ఇంకా రెండు నెలలుందనగా, భివండి పద్మనగర్‌లో వరస గదుల మా చాల్ గ్యాలరీలో నిలబడి మా బావ ఒక మాటిచ్చాడు.

"దసరాకు నా షెడ్డు మీది డాబా, ఆ ఛత్ అంత నీదే బామ్మర్దీ. ఇనుప జాలి గూడ నేనే కొట్టిపిస్త. నీ పిట్టలు, నీ రాజ్యం!"

మా అక్క భర్త ఆయన. పన్నెండు సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డుకు మాలిక్. నేను ఇంకొకరి షెడ్డులో సాంచాలు నడిపేవాణ్ణి. మన గ్రూపులో అందరూ తమ బాల్యం గురించి రాస్తున్నారు. నా బాల్యంలో రాయదగ్గది పెద్దగా లేదు... నా బిడ్డ సుజాత బాల్యంలో ఉంది.

తొంభైల చివర్లో సంగతి. అప్పుడు దానికి పదేళ్ళు. కళ్యాణ్ బజారు నుంచి రెండు జంటల ఫించ్ పిట్టలు తెచ్చాను. బొటనవేలంత పిట్టలు, ఎర్రటి ముక్కులు. మగవి రెండూ బూడిద రంగు. ఆడవి రెండూ చాయ్‌లో ముంచిన బిస్కెట్ రంగు... ఆ రంగులో మగపిట్ట బజారంతా వెతికినా దొరకలేదు. దాన్ని మన గ్యాలరీలోనే పుట్టించాలని సుజాత పట్టు పట్టింది. నిజం చెప్పాలంటే పట్టు నాది కూడా.

గ్యాలరీలో మూడు పంజరాలకే చోటు. జంటకొకటి, పిల్లలన్నిటికీ కలిపి ఒకటి. నాలుగోది పెడితే పక్కింటివాళ్ళు బిందె పట్టుకుని నడవలేరు.

పదకొండు పిల్లలు దక్కాయి. అన్నీ బూడిద రంగే! బావ చూసి పడీపడీ నవ్వాడు.

"గిదేందిరా? బిస్కెట్ తల్లికి బొగ్గు పిల్లలా? పుస్తకాలు చదివినోని పని గిట్లనే ఉంటది!"

ఆయనకేం తెలుసు... పాత కాగితాలు కొనే రద్దీవాలా దగ్గర తూకానికి కొన్న పాత పుస్తకంలో నేను చదివాను. ఆ బూడిద కొడుకుల లోపల తల్లి రంగు దాగి ఉంటుంది. ఒక తల్లి కొడుకును రెండో తల్లితో జతకడితే బిస్కెట్ రంగు మగపిల్ల పుట్టే వీలుంది. సొంత తల్లితో కలిస్తే మాత్రం సంతు నీరసపడుతుంది.

బావ నవ్వుకు సుజాత ముఖం చిన్నబోయింది. అది చూసే ఆయన ఛత్ ఇస్తానన్నాడు. ఆ మాట నమ్మి నేను ఒక్క పిల్లనూ అమ్మలేదు. పదకొండింటినీ ఒకే పంజరంలో ఉంచాను.

మరి ఏది ఏ తల్లి పిల్లో తెలిసేదెట్లా? నేతపనివాడికి తోచేదే నాకూ తోచింది. పాలిస్టర్ దారం తెంపి కాళ్ళకు కట్టాను. ఒక ఇంటికి ఎరుపు, ఇంకో ఇంటికి నీలం. వేసింది మా నాన్న నేర్పిన ముడి. పోగు తెగినప్పుడు సాంచా మీద వేసేది... జారదు, లాగినకొద్దీ బిగుస్తుంది. ఆ ముడి అంటే మాకు గర్వం.

సుజాత తన మరాఠీ బడి నోటుబుక్కులో, ఆ వహీలో, అన్నిటి వంశాలూ రాసుకుంది.

"నాన్నా, ఎర్రదారం పిల్లగాడు నీలిదారం ఇంటికి ఇల్లరికం పోవాలె!"

"పెండ్లికి ఏం పెడుతవే?" అని నా భార్య నవ్వింది.

"కొర్రలు! అవి ఇంకేం తింటయ్ అమ్మా?"

దసరా వచ్చింది. ఛత్ మీద రేకులు పడ్డాయి, కిరాయికి మనుషులు దిగారు. షెడ్డుకు వెళ్ళి అడిగాను. సాంచాల చప్పుడులో బావ అరిచి చెప్పాడు.

"మనుషులకే జాగ లేకపాయె, పిట్టలకు బంగ్లానారా?"

"మాటిచ్చినవ్ కద బావా."

"ఇయ్యనన్ననా? వెనకదిక్కు కొంచెం జాగ ఉన్నది. ఐతారం రా, చూద్దాం."

నాలుగు ఆదివారాలు తిరిగాను. ప్రతిసారీ "వచ్చే ఐతారం."

పదకొండు పిట్టలు ఆ ఇరుకులో కొట్టుకుంటున్నాయి. దారం కొసలు పంజరం జాలికి చిక్కుకోవడం, పిట్ట గుంజుకోవడం, ముడి బిగియడం...

"నాన్నా, కాళ్ళు వాచినయ్. దారాలు కట్ చేద్దాం."

"ఈ ఐతారం దాకా ఆగు బిడ్డా. కట్ చేస్తే ఎవరు ఏ ఇంటోళ్ళో తెల్వది. మామ ఇస్తనన్నడు."

ఐదో ఐతారం పొద్దున్నే వెళ్ళాను. ఆయన షోలాపూర్‌లో పెళ్ళికి పోయాడట. తిరిగి వచ్చేసరికి సుజాత పంజరం ముందు నిలబడి ఉంది. జాలికి ఒక చిన్న కాలు వేలాడుతోంది... దానికి ఎర్రదారం. ముడి అలాగే ఉంది. పిట్ట కింద పడి ఉంది.

సుజాత ఏడవలేదు. "నేను చెప్పిన కద నాన్నా," అంది. ఇంట్లోంచి కత్తెర తెచ్చి మిగతా పిట్టల దారాలన్నీ తనే కత్తిరించింది. అయినా వాచిన కాళ్ళతో ఆ వారంలో ఇంకో ఆరు చచ్చిపోయాయి. మిగిలిన నాలుగూ ఏ తల్లి పిల్లలో ఎవరికీ తెలియదు. వాటిని, పెద్దవాటిని కూడా బజారులో ఇచ్చేసి వచ్చాను. ఆ వహీ మళ్ళీ తెరవలేదు మా బిడ్డ.

చాలా ఏళ్ళ తర్వాత దానికి కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు నా భార్య దిష్టి తగలకుండా పసివాడి కాలికి నల్లదారం కట్టింది. సుజాత లేచి వెళ్ళి కత్తెర తెచ్చింది. చుట్టాలంతా నొచ్చుకున్నారు... నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆ చాల్ లేదు. అక్కడ బిల్డింగ్ లేచింది, ప్రతి ఇంటికీ బాల్కనీ. పది పంజరాలు పట్టే జాగా... పిట్టలు కావాలని అడిగే పదేళ్ళ బిడ్డే లేదు.

మొన్న మన గ్రూపులో మా బావ సన్మానం ఫోటో పెట్టి "ఆడిన మాట తప్పని పెద్దమనిషి" అని రాశారు. కింద అన్నీ దండాలే. అందుకే ఇదంతా రాశాను. ముడి నేనే వేశాను. బిడ్డ చెప్పినా వినలేదు. అది నా తప్పు, మోస్తూనే ఉన్నాను. కానీ ఆయన దసరా నాడే "ఇయ్యను పో" అని ఉంటే, ఆ పొద్దే కత్తెర తీసేవాణ్ణి.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు పసిపిల్లకు ఆశ చూపి ఐతారం ఐతారం తిప్పి ఉంటారు. కింద రాయండి. పేరుతో సహా రాయండి, నేను రాస్తున్నట్టు...

పన్నెండు సాంచాల రాజేశం. మా అక్క మొగుడు.