గ్రీకు బేకరీలో మంగళవారం

మంగళవారం మంచిది కాదన్న మనిషిని చూసి నవ్వుతారు కదా, మరి "గ్రీకులు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు" అని ఎవరైనా అంటే మీరెందుకు నవ్వరు? మొదటి మాట పంచాంగంలో ఉంది, రెండోది ఆఫీసు ట్రైనింగులో తెర మీద కనిపించింది. ఆ మాత్రం తేడాకే మీ తర్కం మొద్దుబారిపోతుందా?

నాది మొద్దుబారింది. అందుకే అడుగుతున్నాను.

మేం లండన్ శివారు హారోలో ఉంటాం. నా భార్య వృద్ధుల కేర్ హోమ్‌లో నైట్ షిఫ్టులు చేస్తూ, ఇంట్లో రుబ్బిన దోసెల పిండి చుట్టుపక్కల ఇళ్ళకు ఇచ్చేది. అడిగేవాళ్ళు పెరిగారు. మా ఫ్లాట్‌లో గ్రైండర్ మోతకు కింది వాళ్ళు తలుపు తట్టడమూ పెరిగింది. సొంతంగా టిఫిన్ సెంటర్ పెట్టుకోవాలని ఆమె కోరిక. మా వీధి చివర గ్రీసు నుంచి వచ్చిన ముసలి దంపతుల బేకరీ ఒకటుంది. పొద్దున్నే రొట్టెలు కాల్చి మధ్యాహ్నానికి ముగించేస్తారు. సాయంత్రాలు ఆ వంటగది ఖాళీ. ఆ సాయంత్రాలు తనకిస్తే లాభంలో వాటా ఇస్తానని అడగాలనుకుంది. ధైర్యం చేసి, వచ్చే నెల డ్యూటీల రోటాలో తన పేరు వేయొద్దని కేర్ హోమ్‌లో చెప్పేసింది కూడా. ఈ బేకరీ కుదరకపోతే ఇంకో వంటగది అద్దెకు తీసుకునే స్తోమత మాకు లేదు. ఆమె మళ్ళీ ఆ నైట్ షిఫ్టులకే పోవాలి.

లీడ్స్‌లో ఐటీ ఉద్యోగం చేసే మా తోడల్లుడికి సంగతి తెలిసింది. ఏ దేశంవాళ్ళతో వ్యాపారం ఎలా చేయాలో వాళ్ళ ఆఫీసులో నేర్పిన స్లైడ్లు నాకు పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, గ్రీకు పేజీ చూశావా? టైమ్ అంటే లెక్కలేదంట వాళ్ళకి. ఏదీ ఓ పట్టాన తేల్చరంట. డేట్ ఫిక్స్ చేసి గట్టిగా పట్టుకోవాలంట."

"మరి మన పేజీలో ఏముంది?"

"మన పేజీ నేనెందుకు చూస్తాను? మన గురించి మనకి తెలీదా ఏంటి!"

నేను చదువుకునే రోజుల్లో మా ఊరి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం చర్చలు జరిగేవి. ముహూర్తాల మీద, వాస్తు మీద, శకునాల మీద గొంతు బొంగురుపోయేదాకా వాదించిన వాళ్ళలో నేనొకణ్ణి. మా పెళ్ళి కూడా మంగళవారం నాడే, రాహుకాలం చూసుకుని మరీ రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్నాం. అప్పటినుంచి ముఖ్యమైన పని ఏదైనా మంగళవారమే మొదలుపెట్టడం నాకు అలవాటు. కాబట్టి గ్రీకు ఆయనతో ఒప్పందం మీద సంతకాలు కూడా మంగళవారమే పెట్టించాలనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం బేకరీకి వెళ్ళాం. ముసలాయన కుర్చీలు వేశాడు. చిన్న కప్పుల్లో కాఫీ ఇచ్చాడు. అడుగున పేరుకున్న మడ్డిని కూడా నేను తాగేశాను. అది తాగకూడదని తర్వాత తెలిసింది. వాళ్ళావిడ చీజ్ పెట్టి పొరలు పొరలుగా కాల్చిన రొట్టె తెచ్చింది. ఆ పొరల్ని వేలితో విప్పి చూసి, "పూతరేకుల్లా ఉన్నాయండీ!" అని నా భార్య మురిసిపోయింది. ఇక మాటలు. మీ అమ్మ ఉందా, మోకాళ్ళ నొప్పులున్నాయా, మీ ఊళ్ళో సముద్రం ఎంత దూరం, మీ అమ్మాయికి మీ భాష ఎందుకు రాదు? నా భార్య ముందే అడిగి ఉంచిన వంటగది ఊసే లేదు. స్లైడ్లలో చెప్పినట్టే తేల్చడం లేదనుకుని నేను అడ్డుపడ్డాను.

"మంగళవారం ఉదయం వచ్చి సంతకాలు పెడదాం," అన్నాను.

ఆయన కనుబొమలెత్తి గడ్డం పైకి ఎగరేశాడు. మన దగ్గర ఎవరైనా అలా చేస్తే 'ఏంటి?' అని కదా. వినపడలేదేమో అనుకుని కొంచెం గట్టిగా చెప్పాను. ఆయన మళ్ళీ గడ్డం ఎగరేశాడు. పెద్దాయన, చెవుడేమో పాపం అనుకుని ఈసారి బేకరీ అంతా మోగేట్టు, "మంగళవారం!" అన్నాను. రొట్టె కొనుక్కోవడానికి వచ్చిన ఒకామె ఉలిక్కిపడి మావైపు చూసింది. ముసలాయన ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

మంగళవారం వెళ్ళాం. కౌంటర్ వెనక ముసలావిడ ఒక్కతే ఉంది. ఆయన లేడు, రేపు రమ్మంది. నేను బయటికొచ్చి పేవ్‌మెంట్ మీద నిలబడి ఫోన్ తీశాను. మాటమీద నిలబడని మనుషులతో భాగస్వామ్యం మాకు అక్కర్లేదని మెసేజ్ రాయడం మొదలుపెట్టాను. నా భార్య ఫోన్ లాగేసుకుంది.

"ఏవండీ, పొయ్యి కావాల్సింది నాకు. కోపం మీకు. ఇంటికెళ్ళండి, నేనొస్తా."

ఆమె బేకరీలోకి తిరిగి వెళ్ళింది. భోజనాల వేళకు చేతుల నిండా పిండితో, పడీ పడీ నవ్వుతూ ఇంటికొచ్చింది. ముసలావిడతో కలిసి పిండి ఒత్తిందట. ఒత్తుతూ ఒత్తుతూ అంతా రాబట్టింది.

"వాళ్ళకీ మంగళవారం పనికిరాదటండీ! కొత్తపని ఏదీ మొదలుపెట్టరట. మా అమ్మమ్మ గ్రీసులో పుట్టిందేమో!"

"అయితే ఆ మాట చెప్పొచ్చుగా?"

"చెప్పాడు. గడ్డం పైకెత్తితే వాళ్ళకి 'వద్దు' అని అర్థమట. వద్దన్న ప్రతిసారీ మీరు ఇంకా గట్టిగా అరిచారు. వద్దంటే వినని మనిషితో ఒకే పొయ్యి ఎలా పంచుకోనూ, అంటున్నాడట. రేపు మీరే వెళ్ళి మాట్లాడాలి."

"మంగళవారం సంగతి కూడా మాట్లాడతాను."

"వాదించొద్దని నేనంటే మాత్రం మీరు వింటారా? వాదించుకోండి. పొయ్యి మాత్రం పోగొట్టకండి."

ఆ మధ్యాహ్నం మా తోడల్లుడు చూడని పేజీ నేను చూశాను. భారతీయులు ఎదుటివాళ్ళ ముఖం మీద 'కాదు' అనరట. ఎవరు చెప్పారు వీళ్ళకి, ఇది శుద్ధ అబద్ధం అని నేను అరుస్తుంటే నా భార్య వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఆ రాసినాయన మిమ్మల్ని చూడలేదు లెండి, చూస్తే పేజీ చింపేసేవాడు," అంది.

అప్పుడు వెలిగింది నాకు. పుట్టిన నక్షత్రాన్ని బట్టి గుణం చెప్పడం మూఢత్వం అయితే, పుట్టిన దేశాన్ని బట్టి గుణం చెప్పడం మాత్రం శాస్త్రం ఎలా అవుతుంది? అలవాట్లు ఉంటాయి, నిజమే. గడ్డం ఎగరేయడం ఒక అలవాటు, ముందు కాఫీ తర్వాత వ్యాపారం అనడం ఇంకొక అలవాటు. వాటిని ఎదుటి మనిషిని అడిగి తెలుసుకోవాలి. అడగకుండా తెర మీద చదివితే అది జాతకమే.

బుధవారం ఒక్కణ్ణే వెళ్ళాను. ముసలాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇవాళ బుధవారం. ఇప్పుడు అరవండి," అన్నాడు.

ఆ గడ్డం సంగతి మా దగ్గర ఎలా ఉంటుందో చేసి చూపించి, క్షమించమన్నాను. ఆయన నాలాగే గడ్డం ఎగరేసి 'ఏంటి?' అని అడిగి చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. కాఫీ వచ్చింది. ఈసారి మడ్డి తాగలేదు. ఆ తర్వాత నేను ఆగలేకపోయాను.

"మీ ఊళ్ళో మంగళవారం పుట్టిన పిల్లల్ని ఏం చేస్తారు?"

ఆయన వంటగది వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ మంగళవారమే పుట్టింది. అదే నా సాక్ష్యం."

"వినపడింది!" అంది ఆవిడ లోపల్నుంచి. "నిన్ను చేసుకుంది ఆదివారం నాడు. ఏం ఒరిగింది?"

మా గ్రంథాలయంలో ఇన్ని ఆదివారాలు వాదించినా ఇంత చక్కటి మాట నాకు తట్టలేదు. నేను బల్ల చరిచాను. ఆయనా చరిచాడు. కప్పులు ఎగిరాయి. వాదన దిష్టి మీదికి వెళ్ళింది, కౌంటర్ పైన దిష్టికని వేలాడదీసిన నీలం గాజు కన్ను మీదికి వెళ్ళింది, మా గుమ్మడికాయ మీదికి వెళ్ళింది. ఇద్దరం నిలబడి చేతులు ఊపుతున్నాం. చివరికి ఆయన చెమట తుడుచుకుంటూ, "మా తమ్ముడు తిరిగి గ్రీసుకి వెళ్ళిపోయాక ఈ షాపులో నాతో ఎవరూ పోట్లాడలేదు. ఈ ఇంగ్లీషువాళ్ళు దేనికైనా లవ్లీ అని వెళ్ళిపోతారు," అన్నాడు. అది కూడా జాతకమే, కానీ ఆ పూటకి వదిలేశాను. "మొహం మీద పోట్లాడేవాడు వెనక మోసం చెయ్యడు. మీ ఆవిణ్ణి సాయంత్రాలు రమ్మనండి," అని చెయ్యి చాచాడు. సంతకాలు అప్పుడే అయిపోయాయి.

దోసెలు మొదలుపెట్టేది ఏ రోజన్న దగ్గర మళ్ళీ గొడవ. ముసలావిడ పిండి చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది. "మంగళవారమే. ఈ ఇద్దరి నోళ్ళూ మూతపడాలంటే అదొక్కటే దారి," అని తేల్చేసింది.

ఆ మంగళవారం సాయంత్రం పెనం ఎక్కింది. షిఫ్టు దిగొచ్చిన మన నర్సు అమ్మాయిలు నలుగురైదుగురు అప్పటికే ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ముసలావిడ నా భార్య మీద, పెనం మీద తుతుతు అని ఉమ్మినట్టు చేసి దిష్టి తీసింది. నేను చట్నీ గిన్నెలు సర్దడంలో పడ్డాను. మొదటి దోసె పెనానికి అతుక్కుపోయింది. ముసలాయన మెల్లగా నావైపు తిరిగాడు.

"మంగళవారం," అన్నాడు.

నా భార్య అట్లకాడతో ఆ దోసెను గీకుతూ, తలెత్తకుండానే జవాబిచ్చింది. "మొదటి దోసె ఏ వారమైనా అతుక్కుంటుంది అంకుల్. పెనం కాగాలి. అంతే."

రెండోది కాయితంలా లేచొచ్చింది. ఆయన దాన్ని ఆలివ్ కాయలు నంజుకుని తిన్నాడు. ఆ తిండి మీద నాకు అభ్యంతరాలున్నాయి, వారం వారం వాదిస్తూనే ఉన్నాను. కేర్ హోమ్ రోటాలో నా భార్య పేరు మళ్ళీ ఎక్కలేదు.

కాబట్టి మీ ఫోన్లో కూడా అలాంటి స్లైడ్లు ఉంటే ముందు మీ దేశం పేజీ తెరిచి చదవండి. ఒళ్ళు మండుతుంది. మండగానే మొత్తం తీసిపారేయండి. మీరు భయపడుతున్న ఆ భాగస్వామి దగ్గరికి వెళ్ళి, కాఫీ తాగి, మీకు అర్థంకానిది ఆయన్నే అడగండి. వాయిదా వేయకండి. ఈ మంగళవారమే వెళ్ళండి.