తేలడానికి బెండ్లు, మునగడానికి రాయి

కూర్చో బిడ్డా. ఆ ఫోను బోర్లా పెట్టి సరిగ్గా విను. సగం విని తలాడించేదుంటే ఇప్పుడే లేచి పో. నువ్వు అడిగింది నాకు అర్థమైంది. సముద్రంలో మునగడం నేర్చుకుంటానంటున్నావు, గాలి నింపుకునే సంచులు రెండు రకాలున్నాయంటున్నావు. ఒకటి జాకెట్టులా ఒంటి చుట్టూ ఉండేది, ఇంకొకటి వీపు మీద మాత్రమే ఉబ్బేది. ఏది తీసుకోవాలో తేలక పది రోజులుగా వీడియోలు చూస్తున్నావు. ఈ ముసల్దానికేం తెలుసులే అనుకోకుండా నన్ను అడిగావు కాబట్టి చెబుతున్నాను, రాసుకో. వీపున తేలేది కట్టుకుంటే నీళ్ళ మీద అది నిన్ను బోర్లా తోస్తుంది. నాకు ఎవరూ చెప్పలేదు, మన బావిలో ముక్కులోకి నీళ్ళు పోయి తెలిసింది.

డెబ్భైల చివరి సంగతి. మీ తాతకు కాజీపేటలో రైల్వే ఖలాసీ పని. అక్కడే ఉండి, వారానికోసారి వచ్చేవాడు. మన ఊరు పాలంపేటకు ఇవతల, బస్సు దిగి నడవాలి. ఇంట్లో నేను, మా అత్త, నా చంకలో మీ అమ్మ. బావి కింద రెండెకరాల వరి. ఆ ఎండాకాలం చేను సరిగ్గా పొట్టకొచ్చినప్పుడు మోటరు నీళ్ళు ఎత్తడం మానేసింది.

మోటరు బాగానే తిరుగుతోంది. తప్పు అడుగున ఉంది. బావిలో పైపు చివర ఫుట్‌వాల్వు అని ఒకటి ఉంటుంది. నీళ్ళను పైకి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. దాని మూతలో ఏదో ఇరుక్కుంది. మోటరు వేసేముందు పైపు నిండా నీళ్ళు పోయాలి కదా, నేనూ అత్తా ఎన్ని బిందెలు పోసినా అంతా కిందికి జారిపోతోంది. ఎవరో ఒకరు రెండు నిలువుల లోతు మునిగి ఆ అడ్డం తీయాలి.

ఊళ్ళో అది మగవాళ్ళ పని. మా బావ, అంటే మీ తాత వాళ్ళన్న, మంచి ఈతగాడు. పక్క పొలం ఆయనదే. వెళ్ళి అడిగాను. గడ్డిమోపు మీద కూర్చుని తీరిగ్గా బీడీ ముట్టించాడు.

"దిగుత తియ్యి పిల్లా. గని ఎన్నిసార్లు దిగాలె నేను? తమ్ముడు కాజీపేటల ఉండె. ఆడోళ్ళతోని ఎవుసం అయితదా? మడి నాకు పాలుకియ్యి. బాయి ఫికర్ నాది, మోటరు ఫికర్ నాది."

"ఇయ్యకపోతె?"

"ఇయ్యకపోతె నాకు నడుము నొప్పి."

ఊళ్ళో ఇంకో ఇద్దరు ఈతగాళ్ళు ఉన్నారు. వాళ్ళిద్దరూ బావ మాట దాటరు. నేను అడగగానే ఒకడికి జ్వరం వచ్చింది, ఇంకొకడికి అత్తగారి ఊరు గుర్తొచ్చింది. మడి అప్పటికే నెర్రెలు బాస్తోంది. ఇంకో నాలుగు రోజులు నీళ్ళు పారకపోతే గింజ తాలే. బావకు పాలుకిస్తే, అంటే పంటలో వాటాకిస్తే, పంట బతుకుతుంది, కానీ ఒకసారి ఆయన నాగలి తిరిగిన మడిలో మళ్ళీ నేను కాలు పెట్టలేను. ఆ మడిలో నాట్లు వేసింది నేను, కలుపు తీసింది నేను.

ఇంటికొచ్చేసరికి అత్త బియ్యం చెరుగుతోంది.

"నేనే దిగుత అత్తా."

చాట ఆగలేదు. "నీకు ఈతొస్తదానే?"

"చిన్నప్పుడు మా నాయిన నేర్పిండు, బెండ్లు కట్టి."

"ఆడిమనిషి బాయిల దిగితె ఊట ఎండిపోతదంటరు."

"ఎండనియ్యి. ఉన్న ఊట మడికస్తలేదు గద."

అప్పుడు చాట పక్కన పెట్టింది. "తాడు అటక మీదున్నది" అంది, అంతే.

బెండ్లంటే నీకు తెలియదు. ఎండిన మునగ కొమ్మల్ని మూరెడు ముక్కలుగా కోస్తారు. పిల్లలకు ఈత నేర్పేటప్పుడు వీపుకు కడతారు. మొదట ఆరు, ధైర్యం వచ్చేకొద్దీ ఒక్కొక్కటి తీసేస్తారు. ఈత మానేసి చాలా ఏళ్ళయింది కదా, భయానికి నేను నాలుగు కట్టుకున్నాను. తేలేది కట్టుకుని మునగడానికి పోయాను చూడు, అంత తెలివి నాది. దిగగానే చీరలోకి గాలి పోయి పూరీలా ఉబ్బింది. బెండ్లు వీపును పైకి లాగితే ముఖం నీళ్ళలో పడింది. మునుగుదామని తల వంచితే నడుము పైన, కాళ్ళు ఆకాశంలో.

బావ తన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. నడుము నొప్పి నిలబడనిచ్చింది మరి.

"పిల్లా, బాతు మునిగినట్టె ఉన్నది గని తోక ఒక్కటే కనబడుతాంది."

మర్నాడు మీ తాత సైకిలు చక్రం విప్పి ట్యూబు తీశాను. రెండు మెలికలు వేసి చంకల కింద చుట్టుకుని గాలి కొట్టించుకున్నాను. అది నీ జాకెట్టు లాంటిదే. నీళ్ళ మీద హాయిగా ఉంది, ముఖం పైకే నిలిచింది. కానీ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని లోపలికి ఒక్క జానెడు పోనివ్వలేదు. గాలి తగ్గిద్దామంటే నీళ్ళలో ఉండి ట్యూబు వాల్వు మూత తిప్పడం నా వల్ల కాలేదు. నీ సంచికి గాలి వదలడానికి మీట ఉందన్నావే, ఆ మీట ఎక్కడుందో కళ్ళు మూసుకుని దొరకబుచ్చుకోవడం ముందు నేర్చుకో.

ఇక కోపమొచ్చి సన్నికల్లు తెచ్చి నడుముకు కట్టుకోబోయాను. అత్త తాడు గుంజుకుంది.

"సావాలనున్నదా? ఒంటికి కట్టుకుంటె ముడి ఊడేదాంక ఊపిరి ఆగుతదా? చేతుల పట్టుకో. వద్దనుకుంటె ఇడిసిపెట్టు."

జీవితంలో ఒక్కసారి కూడా బావిలో దిగని మనిషి ఆమె. ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర ఇద్దరం కలిసి తేల్చుకున్నాం. ఒంటికి ఏదీ కట్టొద్దు. కిందికి తీసుకెళ్ళే రాయికి వేరే తాడు, దాని కొస అత్త చేతిలో. నేను రాయి వదిలితే ఆమె దాన్ని పైకి లాగుతుంది. తేలడానికి ఎండిన సొరకాయ బుర్ర, అది నీళ్ళ మీదే ఉంటుంది, నేను పైకొచ్చి పట్టుకుని ఊపిరి తీసుకోవడానికి. చీర వద్దు. దండెం మీద మీ తాత ఖాకీ పాంటు ఉంది.

మూడో రోజు పొద్దున ఆ పాంటు, ఆయన చొక్కా వేసుకుని, పాంటు జారకుండా నడుముకు తాడు ముక్క బిగించి బావి దగ్గరికి నడిచాను. ఊరంతా చూసింది. చూడనీ.

"తమ్ముడు ఎప్పుడొచ్చిండే?" అన్నాడు బావ.

"తమ్ముడు కాదు, తమ్ముని పెండ్లాం" అంది అత్త. "నువ్వు జర పక్కకు జరుగు, ఎల్తురు రానియ్యి."

సన్నికల్లు రెండు చేతులా పట్టుకుని మెట్టు మీంచి జారాను. అబ్బ, ఎంత తేలిగ్గా లాక్కుపోయిందో. చెవులు నొప్పి పెట్టాయి, నీళ్ళు చల్లబడ్డాయి, పైపు కాలికి తగిలింది. భయమేసి రాయి వదిలేశాను. బుర్ర పట్టుకుని దగ్గుతుంటే పైనుంచి బావ నవ్వు. రెండోసారి ఫుట్‌వాల్వు చేతికి తగిలింది. మూడోసారి కాళ్ళతో పైపును పెనవేసి, వాల్వు చుట్టూ తుప్పు పట్టి చిరిగిన ఇనప జాలీలోకి వేళ్ళు పెట్టి లాగాను. రాలేదు. ఛాతీ మండుతోంది. ఇంకోసారి లాగాను, వచ్చింది.

పైకొచ్చి చూస్తే గోనెసంచి పీలిక. నిజం చెప్పనా, ఆ గోనె నేనే ఉతికి బావి గట్టున ఆరేశాను, గాలికి పడింది. ఈ సంగతి బావకు ఇప్పటివరకూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

పైపులో నీళ్ళు పోశాం. నిలబడ్డాయి. అత్త మోటరు వేసింది. కాలువలో నీళ్ళు మడి దాకా పోయేవరకు నేను ఆ తడి పాంటుతోనే వెంట నడిచాను.

"ఊట ఎండుతది సూడు" అన్నాడు బావ.

"సూస్త బావా. మడి కాడ్నే ఉంట గద, రోజు సూస్త."

పాలు మాట మళ్ళీ ఎత్తలేదు. ఊటా ఎండలేదు.

శనివారం మీ తాత వచ్చాడు. "నా పాంటుకు ఈ బురదేందే?"

"నీ పాంటు బాయిల దిగింది. నీ సైకిలుకు ట్యూబు లేదు. మడికి నీళ్ళున్నయి."

ఆయన పాంటు కింద పెట్టి, "మడికి నీళ్ళున్నయా?" అన్నాడు.

కాబట్టి బిడ్డా, జాకెట్టో వీపుదో, దుకాణం వాడి మాట మీద కొనకు. రెండూ వేసుకుని దిగి చూడు. నువ్వు అనుకున్నప్పుడు ఏది వదులుతుందో అది తీసుకో. ఆడపిల్లకు ఇది చాలులే అని ఎవడైనా అంటే వాడిని గట్టు మీదే నిలబడమను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మరుసటేడు ఎండాకాలం మా బావ మోటరే ఆగింది. అప్పటికి ఆయనకు నిజంగానే నడుము పట్టేసింది. పొద్దున్నే మన వాకిట్లోకి వచ్చి, తువ్వాల భుజం మీంచి తీసి మళ్ళీ వేసుకుని, "పిల్లా, ఆ పాంటు ఉన్నదా" అన్నాడు. నేను లోపలికి పోలేదు, కూర్చోమనలేదు. "ఉన్నది బావా, దిగుత" అన్నాను, "గని ముందుగాల ఊరందరు ఇనేటట్టు నువ్వు ఒక్క మాట..."

"అమ్మా, అన్నం సల్లారుతాంది, ఇద్దరు లేవుండ్రి."

మీ అమ్మ పిలుపు. ఆగవే, వస్తున్నా. నువ్వు చెప్పు బావా అన్నాను, ఆడిమనిషి బాయిల దిగితె ఊట ఎండదని...

"అమ్మా!"