తొడలోతు మడుగులో నా ఈత

నీళ్లలో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. తొడలోతు నీళ్లలో తెచ్చుకున్న మహానుభావుణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ ఘనత నాదే, వినండి.

అరవైల చివర్లో కోటబొమ్మాళిలో లెక్కల మాష్టారుగా చేరాను. కృష్ణా జిల్లా వాణ్ణి, ఇరవై మూడేళ్లు. ఆ ఊళ్లో నాకు ఎవరూ లేరు. బడి ఉన్న రోజుల్లో పిల్లలతో "కూర్చో", "చెప్పు" అనైనా అనేవాణ్ణి. ఆదివారాలు అవీ ఉండేవి కావు.

ఒక ఆదివారం హోటలు నడిపే అప్పన్న జాలిపడ్డాడు.

"ఒక్కరూ గదిలో కూకుని ఏటి సేస్తారు మేస్టారూ? టెక్కలి అవతల కొండలోయలో జలపాతాలున్నాయి, సూసి రండి."

"మీరూ వస్తారా?" అన్నాను ఆశగా.

"నానొస్తే ఇడ్లీలెవులేస్తారు?"

బస్సు దిగి, లోయ వెంట కాలిబాట పట్టాను. మొదటి జలపాతం దగ్గర "అబ్బ, ఎంత బాగుందో!" అని పక్కకు తిరిగాను. పక్కన బండరాయి ఉంది. రెండో జలపాతం దగ్గరా అలాగే తిరిగాను. ఈసారి బండ కూడా లేదు.

మూడో జలపాతం కింద నల్లటి మడుగు. ఒడ్డున ఒక అవ్వ కొండచీపుళ్లు కట్టలు కడుతోంది. మనిషి కనబడేసరికి నా నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

"ఒక్కడివే వచ్చినావేటి బాబూ?"

"స్నేహితులు వెనకాల వస్తున్నారు అవ్వా."

"ఈతొచ్చా?"

"కృష్ణని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేవాణ్ణి!"

నిజానికి నేను కృష్ణను దాటింది రైల్లో.

అన్నాక ఆగుతామా? దూకాను. పాకుడురాతి మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. ముక్కులోకి నీళ్లు వెళ్లగానే బుర్రలోంచి బుద్ధి బయటికి వెళ్లింది. ఈతకు మించిన లోతు లేదంటారు. ఈత రానివాడికి చెంబులోతూ ఎక్కువే. మూకుట్లో పూరీలా తేలుతూ మునుగుతూ కేకలు పెట్టాను.

"అవ్వా! చచ్చిపోతున్నాను!"

"నిల్సో బాబూ!"

"ఎలా ఆగేది? మునిగిపోతున్నా!"

"ఆగడం కాదురా నాయినా! కాళ్లు కిందెట్టి నిల్సో!"

నిలబడ్డాను. నీళ్లు తొడల దాకా వచ్చాయి.

అవ్వ కళ్లనీళ్లు కారేలా నవ్వింది. నేను చలికి వణుకుతూ ఒడ్డుకు చేరాక, కుండలోంచి అంబలి దొప్పలో పోసి ఇచ్చింది.

"నీ నేస్తులకి కొంచెం ఉంచనా?"

తాగుతున్న దొప్ప కిందికి దించాను. "రారు అవ్వా. నాకు ఇక్కడ ఎవరూ లేరు."

ఆమె మరి నవ్వలేదు. ఉన్నదంతా నా దొప్పలోనే వంచేసి, చీపుళ్లకట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం గదిలో తడి పంచె ఆరేస్తుంటే నవ్వు ముంచుకొచ్చింది. పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక గది మరీ నిశ్శబ్దంగా తోచింది. ఇంత గొప్ప సంగతి చెప్పుకోవడానికి ఒక్క చెవీ లేదు.

అప్పుడే ఆ తడి పంచె సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ ఒంటరిగా మునగను. మునిగితే నలుగురు స్నేహితుల ఎదుటే, వాళ్లు కడుపుబ్బ నవ్వేలా మునుగుతాను.