గట్టు మీద అన్న, శిబిరంలో తమ్ముడు

ఆ భూహక్కుల చట్టాన్ని నేను పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివాను. అలా చదవడం చర్చావేదికల్లో అబ్బిన అలవాటు. నందిగామలో మేం కొందరం హేతువాదులం ఆదివారాలు ఒక ట్యూషన్ సెంటర్ గదిలో చేరి, చేతబడి నుంచి బాల్యవివాహాల దాకా గొంతులు బొంగురుపోయేలా వాదించుకునేవాళ్ళం. అక్కడ ఉన్న నియమం ఒక్కటే. ఎదుటివాడి మాట పూర్తిగా చదవకుండా ఖండించకూడదు. మంత్రాలకు చింతకాయలు రాలవని చెప్పడానికి ముందు మంత్రాలు బట్టీపట్టిన మనుషులం మేము.

అందుకే రాష్ట్ర ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చిందని తెలిసినప్పుడు ముందు చదివాను, తరువాతే కోపం తెచ్చుకున్నాను. కోపం మాత్రం గట్టిగానే వచ్చింది. భూమి తగాదా వస్తే ఇక సివిల్ కోర్టు తలుపు తట్టే వీలు లేదు. ప్రభుత్వం నియమించిన ఒక అధికారి ఎవరి పేరు రాస్తే భూమి వాళ్ళది. ఒప్పుకోకపోతే ప్రభుత్వమే వేసిన ట్రిబ్యునల్‌కు పోవాలి, అదీ కాదంటే హైకోర్టుకు. చిల్లకల్లు దాటి ఎప్పుడూ బస్సెక్కని మనిషి హైకోర్టుకు ఎలా పోతుంది? జడ్జి ముందు నిలబడి ఇది నాది అని చెప్పుకునే హక్కును తీసేసి దానికి సంస్కరణ అని పేరు పెట్టడం నాకు దొంగ స్వామి విభూది ఇచ్చి గొలుసు పట్టుకుపోయినట్టే అనిపించింది.

జగ్గయ్యపేటలో లాయర్లు కోర్టులు బహిష్కరించి శిబిరం వేశారు. వాళ్ళకు నాయకుడిలా ఉన్న ఒక లాయరు ఓ సాయంత్రం నందిగామలో మా ఇంటికి వచ్చాడు. చిల్లకల్లు అవతల ఒక ఊళ్ళో వాళ్ళకు పెద్ద కమతం ఉంది. మనిషి సౌమ్యుడు.

"అక్కా, సెక్షన్లు మాకు తెలుసు. జనానికి ఎక్కేలా రాయటం మాకు రాదు. కరపత్రం మీరు రాయాలి" అన్నాడు.

రాశాను. రాయడమే కాదు, ఆయనతో కలిసి ఊళ్ళు తిరిగాను. అలా ఒక రోజు ఆయన సొంత ఊళ్ళో, కూలిపని చేసుకునేవాళ్ళుండే పేటలో, చర్చి ముందున్న ఖాళీ స్థలంలో మీటింగు పెట్టాం. నేను మాట్లాడటం అయ్యాక ఒకామె లేచి నిలబడింది. ఆమెకూ, ఆమె భర్తకూ కలిపి ముప్పాతిక ఎకరం మెట్ట ఉంది. మిగతా రోజుల్లో ఇద్దరూ కూలికి వెళ్తారు.

"చట్టం సంగతి సరేనండి మేడంగారూ. మా బోరు గట్టు పక్కనే ఉంది. రేపు ఆ ఆఫీసరెవరో ఆ బోరు నీది కాదు పోమంటే నేనేం చెయ్యాలి?"

వెనకనుంచి భర్త అందుకున్నాడు. "నీళ్ళు పడ్డ బోరు గనక అడుగుతుందండి. ఎండిపోయినయ్ ఇంకో రెండున్నాయ్. అయ్యి ఎవరికి రాసినా మాకు అభ్యంతరం లేదు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ బోరు లేకపోతే ఆ మెట్టలో కంది తప్ప ఏదీ నిలవదు. బోరు మీద ఆమె మిరప వేస్తోంది. గట్టుకు అవతలి చేను లాయరు గారి కుటుంబానిదే. ఆయనే లేచి చెప్పాడు.

"ఆ బోరు నీది కాదనేదెవరమ్మా? పక్క చేను మాదే కదా, నేనున్నాగా."

ఆమె మళ్ళీ అడిగింది. "సర్వే వాళ్ళు నోటీసిచ్చారండి. ఆ రోజు చేలో ఉండమన్నారు. ఉండమంటారా, వద్దంటారా?"

అప్పటికి మా ఉద్యమ కమిటీ, భూములన్నీ కొత్తగా కొలిచే ఆ రీసర్వేను బహిష్కరించాలని తీర్మానించింది. ఆ సర్వే కొత్త చట్టానికి తొలి మెట్టు అని మా వాదన. దాన్ని వివరించే బాధ్యత నాది. ఎంత ధాటిగా వివరించానో నాకిప్పటికీ గుర్తుంది. రైతు చూపిస్తేనే హద్దు. రైతు రాకపోతే వాళ్ళు దేన్ని పట్టుకుని కొలుస్తారు? గట్టు మీద ఒక్కరూ కనిపించకపోవడమే ఈ ప్రభుత్వానికి మన జవాబు. చప్పట్లు కొట్టారు. లాయరు గారు తల ఊపాడు. ఆమె కూడా తల ఊపి కూర్చుంది.

ఆ సర్వే రోజునే జగ్గయ్యపేటలో మహిళల రిలే నిరాహార దీక్ష. మేమే కావాలని ఆ రోజు పెట్టించాం. భర్త కూలికి పోతే, ఆమె పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చుంది. మెడలో బంతిపూల దండ వేశారు. అది గుచ్చుకుంటుంటే మాటిమాటికీ సర్దుకునేది. మైకులో పాటలు, రోడ్డు మీద సిమెంటు లారీల హారన్లు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె ధ్యాసంతా చేను మీదే ఉంది.

"ఈపాటికి కరెంటు ఇచ్చుంటారండి. ఇవాళ తడి పెట్టాల్సింది" అంది.

"రేపు పెట్టుకోవచ్చులే అమ్మా" అన్నాను.

సాయంత్రం లాయరు గారు వరసగా అందరికీ నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశాడు. ఆమెకు గ్లాసు అందిస్తూ "తాగమ్మా, గెలుపు మనదే" అన్నాడు. పేపరు వాళ్ళు ఫొటో తీశారు. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటోనే వేశారు. అది చూస్తుండగానే ఫోను మోగింది.

"మేడంగారూ, బోరు అవతలికెళ్ళిపోయిందండి."

నాకు అర్థం కాలేదు. "బోరు ఎక్కడికి వెళ్తుందమ్మా?"

"బోరు అక్కడే ఉందండి. రాయే ఇవతలికొచ్చింది."

బస్సెక్కి వెళ్ళాను. చేలో కొత్త హద్దు రాయి పాతి ఉంది. ఇంకా దుమ్ము కూడా పట్టలేదు. బోరు గొట్టం, దాని పక్కనున్న మోటారు స్టార్టరు డబ్బా, ఆమె వేసుకున్న మిరపలో నాలుగు సాళ్ళు రాయికి అవతల ఉన్నాయి. నేను ఆ రాయినీ, గొట్టాన్నీ మార్చి మార్చి చూశాను. మనిషి లేకపోతే కొలత ఆగుతుందని నేను చెప్పాను. ఆగలేదు.

ఊళ్ళోని గ్రామ సచివాలయంలో సర్వేయరును పట్టుకున్నాను. వయసులో చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"నోటీసు ఇచ్చాం మేడం. ఆమె రాలేదు. పక్క రైతు వచ్చి హద్దు చూపించి సంతకం పెట్టారు."

"రాని మనిషి హద్దు ఎలా తేలుస్తారు? ఏ చట్టం ప్రకారం? ఆ కొత్త చట్టాన్ని మేం ఒప్పుకోవడం లేదు!"

"ఇది కొత్త చట్టం కాదు మేడం. సర్వే చట్టం. మీరూ నేనూ పుట్టకముందు నుంచీ ఉంది. నోటీసు అందాక మనిషి రాకపోయినా కొలత ఆగదు."

మేం ఖండించదలచుకున్న చట్టాన్ని అక్షరం వదలకుండా చదివాం. ఎప్పటినుంచో ఉన్న చట్టాన్ని ఎవరూ తెరవలేదు. శత్రువు పుస్తకాన్ని చదవడమే చదువు అనుకునేవాళ్ళు చేసే తప్పు ఇది. ఎవరితోనూ వాదం లేని పుస్తకం మాకు కనపడదు.

"పక్క రైతు ఎవరు?" అని అడిగాను.

"లాయరు గారి అన్నయ్య."

అక్కడినుంచి జగ్గయ్యపేట శిబిరానికి వెళ్ళాను. ఆ రోజు దీక్షలో యువ లాయర్లు కూర్చున్నారు. ఆయన వెనక కుర్చీలో టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచి, ఇంకో టీ చెప్పాడు.

"మీ అన్నయ్య గట్టు మీద నిలబడ్డాడట. మనం బహిష్కరించాం కదా?" అన్నాను.

"నేను బహిష్కరించా అక్కా. ఆయన మన ఉద్యమంలో లేడుగా. ఆయన ఆ పార్టీ, నేను ఈ పార్టీ."

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. తెలియని పిల్లకు తెలియజెప్పే ఓపిక ఉంది. "ఇద్దరం ఒక దగ్గరే ఉంటే ఇల్లు నిలబడుద్దా అక్కా? మా నాన్న టైము నుంచీ ఇంతే. ఎవరు గెలిచినా ఇంట్లో ఒకళ్ళు ఉండాలి. మీకు తెలియంది ఏముంది?"

నిజమే, తెలుసు. ఈ మెట్ట ఊళ్ళలో ఎవరికి తెలియదు? పెద్ద ఇళ్ళలో అన్న ఒక జెండా కిందా తమ్ముడు ఇంకో జెండా కిందా ఉండటం గురించి మా ఆదివారం గదిలో ఎన్ని జోకులు వేసుకున్నామో. కానీ అది వాళ్ళ ఎన్నికల తమాషా అనుకున్నాను. ఉద్యమానికి కూడా ఆ ఇల్లు ఒక మనిషిని కేటాయించి, గట్టుకు ఇంకో మనిషిని కేటాయిస్తుందని నాకు తోచలేదు.

"ఆమె దీక్షలో ఉండగానే మీకు తెలుసా?" అని అడిగాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "తెలుసనే అనుకోండి. ఏం చెయ్యమంటారు? దీక్షలోంచి లేచి చేలోకి పొమ్మని చెప్పనా? పేపరు వాళ్ళున్నారు. ఉద్యమం నవ్వులపాలవదూ?"

అబద్ధం చెబితే పట్టుకుని ఉతికి ఆరేయగలను. నాకు ఇచ్చిన తర్ఫీదంతా అదే. ఆయన అబద్ధం చెప్పలేదు. అసలు దాచవలసింది ఏమీ లేదన్నట్టు చెప్పాడు.

"ఆ బోరు ఆమెది."

"కాదన్నానా? నీళ్ళు పెట్టుకోమనండి. నేను మాటిస్తున్నా. అన్నయ్య కూడా ఏమీ అనడు."

ఆ మాట ఆమెకు చేరవేశాను. అప్పుడామె మిరపకు కలుపు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"ఇవాళ పెట్టుకోమంటారండి. వాళ్ళ చేలో కాయ కోసే టైముకి కూలికి రాలేదని ఇంటిమీదికొచ్చి అడుగుతారు. అప్పుడు ఆ మోటారు ఎవరాపుతారో మాకు తెలీదా?"

మళ్ళీ కొలవమని అర్జీ పెట్టాలంటే లాయరు కావాలి. అప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. సివిల్ కోర్టు కోసం ఎండలో కూర్చున్న ఆ శిబిరంలో ఒక్కరు కూడా ఆ అర్జీ రాయడానికి ఒప్పుకోలేదు. "ఇప్పుడా మేడం? మనలో మనకా?" అన్నారు. చట్టం పోతే చాలు, అన్నీ సర్దుకుంటాయి అన్నారు. చివరికి పాత సర్వే చట్టం తెప్పించుకుని చదివి నేనే రాశాను. ఆమె వేలిముద్ర వేయనంది. పేరు రాయడం వచ్చు, నిదానంగా రాసింది. అర్జీ ఆఫీసులోనే పడి ఉంది.

ఎన్నికలయ్యాయి. ప్రభుత్వం మారింది. కొత్త అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. జగ్గయ్యపేటలో బాణాసంచా కాల్చారు, నందిగామలో స్వీట్లు పంచారు. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పబోతే వద్దని దిగి వచ్చేశాను. మేం కోరుకున్నది అక్షరాలా జరిగింది. చట్టం పోయింది. ఆ రాయి మాత్రం పోలేదు. దాన్ని పాతింది ఆ చట్టం కాదు గనక, దానితోపాటు పోవాల్సిన అవసరమూ లేదు.

ఆ తరువాత కొన్నాళ్ళకు ఆమె అర్జీ మీద మళ్ళీ కొలవమని ఉత్తర్వు వచ్చింది. కొలిచే రోజు పొద్దున నందిగామ సెంటరులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే కొత్త శిబిరం కనిపించింది. కరెంటు చార్జీల మీద దీక్ష. పూలదండ వేసుకుని మధ్యలో కూర్చుని ఉన్నది లాయరు గారి అన్నయ్య. నేను చూసింది నిజమేనా అని మెడ తిప్పి మళ్ళీ చూశాను. ఆయన నాకు నమస్కారం పెట్టాడు.

చేను దగ్గరికి వెళ్ళేసరికి గట్టు మీద లాయరు గారు నిలబడి ఉన్నాడు. అవును మరి, ఇప్పుడు అధికారంలో ఉన్నది ఆయన పార్టీ.

"రండక్కా, ఎండలో వచ్చారే" అన్నాడు.

ఈసారి ఆమె ఉంది. భర్త, పేటలోని మనుషులు సగం మంది ఉన్నారు. మూడు చేలు కలిసే చోట పాత రాయి ఒకటి ఉండాలని అక్కడి రైతులందరికీ తెలుసు. తుమ్మ చెట్లు కమ్మేసి అది కనబడకుండా పోయింది. ముందు రోజే ఆ కంప కొట్టి, మట్టి తవ్వి దాన్ని బయటికి తీసి ఉంచారు. మొదటిసారి ఎవరూ చూపించలేదు గనక సర్వేయరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

లాయరు గారు పలుగు పట్టుకున్న భర్తను చూసి అన్నాడు. "ఏరా, ఈ పనేదో మా చేలో చేసుంటే కూలన్నా వచ్చేది."

"మీ చేలోనే అనుకుని తవ్వామండి. తీరా చూస్తే మాదని తేలింది" అన్నాడు భర్త.

పేట మనుషులు పగలబడి నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది. సర్వేయరు పాత రాయి దగ్గరనుంచి పాత పటం పెట్టుకుని కొలిచాడు. కొత్త రాయి పీకి జరిపారు. బోరు ఇవతలికి వచ్చింది, నాలుగు సాళ్ళూ వచ్చాయి. లాయరు గారు సంతకం పెట్టి, చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు.

"పోన్లెండక్కా, మంచిదే. ఆదివారం జగ్గయ్యపేటలో మీటింగుంది. భూముల మీద ఇంకో చట్టం తెస్తారంటున్నారు. మనవాళ్ళే అయినా అడగాలిగా. కరపత్రం మీరే రాయాలి."

ఆయన ముఖంలోకి చూశాను. మనస్ఫూర్తిగానే అడుగుతున్నాడు. ఆయన బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె మోటారు వేయడానికి స్టార్టరు దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఆ సభకు ఆమే రావాలని, ఆయన ముందే మైకు పట్టుకుని జరిగిందంతా చెప్పాలని నాకు తట్టింది. చెప్పాను. ఒకరు చెప్తే పది మందికి ధైర్యం వస్తుందన్నాను. ఈసారి చదవాల్సినవన్నీ చదివే వస్తానన్నాను.

"నేను రానండి" అంది.

"ఎందుకమ్మా? గెలిచాం కదా?"

"ఆ రోజు మీ పక్కనే కూర్చున్నానండి. ఇక్కడ ఉండుంటే ఇదంతా లేదు."

కోపంగా అనలేదు. ఆమె మీట నొక్కింది. గొట్టం ముందు గాలి వదిలి, దగ్గి, తరువాత ఎర్రటి నీళ్ళు కక్కింది.

"కాస్త పక్కకి జరగండి మేడంగారూ" అంది. "కాలవలో నిలబడ్డారు."