మూడు పెన్నీల పన్ను

1976లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, నేను మూడోసారి మెట్రిక్ పరీక్షకు కూర్చున్నాను. అంతకుముందు రెండుసార్లూ చరిత్రలోనే తప్పాను. ఈసారీ తప్పితే పుస్తకాలు కట్టిపెడతానని ఇంట్లో మాటిచ్చాను.

చరిత్ర పరీక్షనాడు మా పేట సిద్ధగోరాలో మినీబస్సెక్కి, అమెరికా వలసవాసుల పాఠం పైకే వల్లిస్తున్నాను. ఇంగ్లండు రాజు యుద్ధం గెలిచి అప్పులపాలయ్యాడు. అవి తీర్చడానికి వలసల మీద పన్నులు వేశాడు. సంవత్సరాలన్నీ నాకు నోటికి వచ్చు. పౌను తేయాకుకు మూడు పెన్నీల పన్ను. అంతమాత్రానికే వలసవాసులు తిరగబడటం ఎందుకో నా లెక్కకు అందలేదు.

భాలుబాసాలో అరవై ఏళ్ల పెద్దాయన ఎక్కాడు. నా పక్క సీటు ఖాళీగానే ఉన్నా, "కూకోమంటావా తల్లీ?" అని అడిగి, నేను తలూపాకే కూర్చున్నాడు. కాసేపు విని నవ్వాడు.

"ఏటమ్మా, ఆ మూడు పెన్నీల్నే పట్టుకుని ఏలాడతన్నావు?"

"అంత తక్కువకి అంత కోపమా, బాబాయ్?"

ఆయన కుడిచెయ్యి చూపించాడు. రెండు వేళ్లు లేవు.

"బర్మాలో పోయేయి. తెల్లోడి యుద్ధం. అందులోకి దింపినప్పుడు మన దేశాన్ని ఎవుడైనా అడిగేడా? పన్నేసినప్పుడు ఆల్నీ అడగలేదమ్మా. కోపం దానికి."

సాక్చీలో దిగిపోయాడు. పేరైనా తెలుసుకోలేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. సంవత్సరాలన్నీ రాసి, చివర "వారిని ఎవరూ అడగలేదు" అని కలిపాను. చరిత్రలో నలభై ఒకటి వచ్చాయి, పాసయ్యాను. ఆ వాక్యానికి ఎన్ని వేశారో తెలియదు.

ఇప్పటికీ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, పక్కవారిని అడిగే కూర్చుంటాను.