బత్తాయి రసంలో మగ ఈగ

నెల్లూరులో డిగ్రీ చివరి సంవత్సరం జువాలజీ ప్రాక్టికల్స్. అరటిపండు మీద ముసిరే బుల్లి ఈగల్లో మగవేవో, ఆడవేవో గుర్తుపట్టి చెప్పాలి. చెప్పలేకపోతే నా డిగ్రీ ఆగిపోతుంది! ఈగలు కదలకుండా ముందు ఈథర్‌తో మత్తు ఇవ్వాలి. మత్తు ఎక్కువైతే పాపం చచ్చిపోతాయని కాస్త తక్కువ వేశాను. తెల్ల పలక మీద పోయగానే ఈగలన్నీ లేచి ఎగిరిపోయాయి. వాటిలో ఒకటి, పరీక్షకు వచ్చిన సారుకు మర్యాదగా మేమే తెచ్చిపెట్టిన బత్తాయి రసంలో పడింది.

ఆయన గ్లాసెత్తి, "ఏందిమ్మా ఇది?" అన్నారు.

"ఈగ సార్... మగది సార్!" అనేశాను.

"ఎట్టా చెప్తావు?"

"పొట్ట చివర నల్లగా ఉంది సార్. ముందు కాళ్ళకి దువ్వెనలాంటి వెంట్రుకలు కూడా ఉంటాయి, చూడండి!"

ఆయన దాన్ని చెంచాతో తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. నా గుండె ఈగ రెక్కల కంటే వేగంగా కొట్టుకుంది.

"దువ్వెన ఉంది. పాసైనావు పోమ్మా. ముందు ఇంకో గ్లాసు తెప్పీ!"

ఆయన తాగినంతసేపూ పక్కనే నిలబడి ఈగలు తోలాను. 'డిగ్రీ చదివి ఈగలు తోలుకుంటున్నావా?' అని ఎవరైనా వెక్కిరిస్తే నాకు కోపం రాదు. నా డిగ్రీ వచ్చిందే అలా మరి!